లాఫ్ట్ గీతలు ముందు, వెనక గది తర్వాత: హారోలో ఒక సెమీ డిటాచ్డ్ ఇంటి కేస్ స్టడీ

ఇల్లు వాయవ్య లండన్‌లోని హారోలో ఉంది. సెమీ డిటాచ్డ్, అంటే ఒక గోడ పక్కింటితో ఉమ్మడిగా ఉండే జంట ఇళ్లలో ఒకటి. క్లుప్తంగా సెమీ అంటాం. 1915 నుంచి మెట్రోపాలిటన్ రైల్వే 'మెట్రోల్యాండ్' పేరుతో ప్రచారం చేసి రైలు పట్టాల వెంబడి శివార్లను పెంచింది కదా, ఆ ఊపులో 1930లలో వెలసిన వీధి. ముందు బయటికి పొడుచుకొచ్చిన బే విండో, పక్కకి కూడా వాలిన హిప్ రూఫ్, దాని కింద లాఫ్ట్ అనే ఖాళీ జాగా. కింద రెండు గదులు, ఒక సన్నటి వంటగది. పైన రెండు డబుల్ బెడ్‌రూములు, మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోని బాక్స్ రూమ్, ఇంటి మొత్తానికి ఒకటే బాత్రూమ్. బయటి కొలతల్లో వెడల్పు 6 మీటర్లు, లోతు 7.6 మీటర్లు. ఎడమ గోడ పక్కింటితో ఉమ్మడి. కుడి వైపు, అవతలి ఇంటివాళ్లతో కలిసి వాడుకునే డ్రైవ్‌వే.

ఇంటివాళ్లు మన తెలుగు దంపతులు. ఇద్దరు పిల్లలు. ఆయన తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చి కొన్ని నెలలు ఉండి వెళ్తుంటారు. వాళ్లు నా దగ్గరికి వచ్చేసరికే ప్లాన్ తేల్చేసుకుని ఉన్నారు. "వెనక ఆరు మీటర్లు, ఫుల్ విడ్త్ తీసేద్దామండీ. హాల్లో ఉన్న గోడ కూడా కొట్టేస్తే తలుపు తెరవగానే తోట దాకా కనిపిస్తుంది. లాఫ్ట్ సంగతి నాలుగైదేళ్ల తర్వాత చూసుకుంటాం" అన్నారాయన. చేతిలో లక్షన్నర పౌండ్లు, అవసరమైతే ఇంకో పాతిక వేలు.

సెమీ ఇళ్లకి ప్లాన్లు గీసే మాలాంటి వాళ్లకి ఈ కోరిక కొత్తేం కాదు. దీనికి నా దగ్గర ఉన్న సమాధానం కూడా ఒకటే. లాఫ్ట్ ఎప్పుడు కట్టినా సరే, కాగితం మీద మాత్రం దాన్నే మొదట గీయాలి. కింద ఏ గోడ ఉండాలి, ఏ తలుపు ఉండాలి, స్టీల్ ఎంత బరువు మోయాలి, వేడినీళ్లు ఎక్కడి నుంచి రావాలి అన్నవన్నీ పైన రాబోయే గదే నిర్ణయిస్తుంది. వెనక గది ముందు కట్టేసి తర్వాత లాఫ్ట్‌కి వెళ్లినవాళ్లు, కొత్తగా కట్టిన దాన్నే మళ్లీ పగలగొట్టడం ఈ శివార్లలో మామూలు దృశ్యం.

ముందు వీధి ధర చూశాం

గీత గీయకముందు చేసిన పని, ఆస్తుల అమ్మకాలు నమోదు చేసే ల్యాండ్ రిజిస్ట్రీలో ఆ వీధి, దాని చుట్టుపక్కల రెండు వీధుల అమ్మకపు ధరలు తీయడం. అవి ఎవరైనా చూడవచ్చు. ఏజెంట్ చెప్పే ధర కాదు, రిజిస్టర్ అయిన ధర ముఖ్యం. ఒక్కో ఇంటికి పాత ప్లానింగ్ దరఖాస్తు ఉందేమో స్థానిక కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసి, ఏ ఇల్లు ఏ స్థితిలో అమ్ముడైందో పక్కన రాసుకున్నాం.

ఏ మార్పూ లేని మూడు పడకగదుల సెమీలు 6 లక్షల నుంచి 6.25 లక్షల పౌండ్ల మధ్య పోయాయి. వెనక పెద్ద గది కట్టి, పైన మాత్రం మూడు పడకగదులతోనే ఉన్నవి 6.6 లక్షల దగ్గర ఆగాయి. లాఫ్ట్‌లో పడకగది, షవర్ రూమ్ వచ్చి నాలుగు పడకగదులైనవి 7.4 లక్షలు దాటాయి. వీధిలో ఇప్పటిదాకా అత్యధికం 7.8 లక్షలు. ఆ ఇల్లు కిందా పైనా రెండూ చేసింది.

ఈ అంకెలు ఆ వీధివి. ఇంకో వీధిలో వేరుగా ఉంటాయి. కానీ తీరు మాత్రం మామూలుగా ఇదే. కొనేవాడు వెతికేటప్పుడు వెబ్‌సైట్‌లో నొక్కే మొదటి బటన్ పడకగదుల సంఖ్య. మూడు దగ్గర ఆగిన ఇల్లు, నాలుగు కావాలనుకునేవాడి కంటికి అసలు కనబడదు, కింద వంటగది ఎంత పెద్దదైనా. 6 మీటర్ల గదికి కిచెన్‌తో కలిపి 1.3 లక్షల దాకా అవుతుందని అంచనా వేస్తే, వీధి దానికి తిరిగి ఇచ్చేది 50 వేల దరిదాపుల్లో కనిపించింది.

ఆవిడకి లెక్క వెంటనే అర్థమైంది. ఆయనకి తోట దాకా కనిపించే హాలు మనసులోంచి పోవడానికి కొంచెం టైం పట్టింది.

ఆరు మీటర్లు వద్దనడానికి కారణాలు

ఇంగ్లండ్‌లో ప్లానింగ్ పర్మిషన్ అడగకుండానే కట్టుకోగలిగే వాటిని పెర్మిటెడ్ డెవలప్‌మెంట్ అంటారు. ఇప్పుడు అమల్లో ఉన్నది 2015 నాటి ఆర్డర్. సెమీకి వెనక వైపు ఒక అంతస్తు అయితే 3 మీటర్ల దాకా నేరుగా కట్టవచ్చు. ఏ ఇంటికీ ఆనుకోని డిటాచ్డ్ ఇంటికైతే 4. సెమీకి 3 దాటి 6 దాకా వెళ్లాలంటే ప్రయర్ అప్రూవల్, అంటే కౌన్సిల్ ముందస్తు ఆమోదం, తీసుకోవాలి. కౌన్సిల్ పక్కవాళ్లకి ఉత్తరాలు రాస్తుంది, నిర్ణయానికి గడువు 42 రోజులు. పక్కవాళ్లెవరూ అభ్యంతరం చెప్పకపోతే సమస్య లేదు. చెప్తే, వాళ్ల వెలుతురుకీ ప్రశాంతతకీ ఎంత దెబ్బ అన్నది కౌన్సిల్ కొలుస్తుంది. ఈ మీటర్లన్నీ అసలు ఇంటి వెనక గోడ నుంచి లెక్క. అసలు ఇల్లు అంటే 1948 జులై 1 నాటికి ఉన్నట్టుగా, ఆ తర్వాత కట్టినదైతే మొదట కట్టినట్టుగా. పాత యజమాని ఎప్పుడో వేసిన చిన్న గది కూడా మీ 3 మీటర్లలోకే వస్తుంది.

నిబంధన ఒప్పుకున్నా ఇల్లు ఒప్పుకోదు. 7.6 మీటర్ల లోతున్న ఇంటికి ఇంకో 6 మీటర్లు తగిలిస్తే మధ్య గది పగలు కూడా లైట్ వేసుకోవాల్సిన గుహలా తయారవుతుంది. సెమీలో ఒక పక్క మొత్తం ఉమ్మడి గోడ కాబట్టి అటు నుంచి కిటికీ అన్న ప్రశ్నే లేదు. తోట పొడవు 14 మీటర్లలో దాదాపు సగం పోతుంది. పిల్లలున్న కుటుంబానికే కదా ఈ ఇల్లు మళ్లీ అమ్మేది, వాళ్లు తోట చూస్తారు.

పక్కకి కడదామా అంటే షేర్డ్ డ్రైవ్‌వే అడ్డు. ఇంటి యాజమాన్య వివరాలుండే టైటిల్ రిజిస్టర్‌లో అవతలి ఇంటికి దారి హక్కు రాసి ఉంది. దాని మీద ఇటుక పెట్టడానికి వీల్లేదు. అలా పక్క దారి మూసుకుపోయాక మిగిలినవి వెనక 3 మీటర్లు, పైన లాఫ్ట్.

3 మీటర్లు చాలదేమో అని ఆయన అనుమానం. పాత వెనక గది, కొత్త 3 మీటర్లు కలిపి గీసి చూపించాం. వంటగది వెనక్కి జరిగితే పాత సన్నటి వంటగది ఖాళీ అవుతుంది. అది ఇంటి మధ్యలో పడి వెలుతురు తగ్గే చోటు, కానీ పక్క గోడకి చిన్న కిటికీ ఉంది, మురుగు పైపు దగ్గర. దాన్ని షవర్ రూమ్, వాషింగ్ మెషిన్ పెట్టుకునే యుటిలిటీగా రెండుగా పంచాం. వెలుతురు అవసరం లేని పనులు చీకటి చోటికి వెళ్లాలి, ఇదే నా పద్ధతి. ముందు గది తలుపు వేసుకుంటే పెద్దవాళ్లకి పడకగది, పక్కనే షవర్. వాళ్లు మెట్లెక్కే పని లేదు. పాత గోడ ఉన్న వరుసలో పైకప్పుకి ఒక రూఫ్‌లైట్ పెట్టడంతో మధ్య భాగం కూడా తెల్లబడింది.

ఓపెన్ ప్లాన్‌కి, లాఫ్ట్‌కి పడదు

ఇది చాలామందికి బిల్డర్ చెప్పని విషయం, చెప్పినా ఆలస్యంగా చెప్పే విషయం. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

రెండంతస్తుల ఇంటికి లాఫ్ట్‌లో గది వేస్తే అది మూడంతస్తుల ఇల్లవుతుంది. పై గది నేల, బయటి నేల నుంచి 4.5 మీటర్లు దాటుతుంది. ఈ ఇంట్లో 5.3. అంత ఎత్తు నుంచి కిటికీలో దూకి తప్పించుకోలేరు కాబట్టి బిల్డింగ్ రెగ్యులేషన్స్‌లో అగ్ని భద్రత గురించిన పార్ట్ బి ఒక రక్షిత మెట్ల దారి అడుగుతుంది. పై గది తలుపు నుంచి వీధి తలుపు దాకా మెట్లు, హాలు అంతా 30 నిమిషాలు మంటని ఆపగల గోడల మధ్య ఉండాలి. ఆ దారిలోకి తెరుచుకునే గదుల తలుపులు ఫైర్ డోర్లు కావాలి. నిబంధన ఎఫ్‌డీ 20తో (20 నిమిషాలు మంటని ఆపే తలుపు) సరిపెట్టినా షాపుల్లో తేలిగ్గా దొరికేది ఎఫ్‌డీ 30, అదే వేస్తాం. ప్రతి అంతస్తులో కరెంటు లైనుకి కలిపి, ఒకటి మోగితే అన్నీ మోగే స్మోక్ అలారాలు ఉండాలి.

ఇప్పుడు ఆయన అడిగిన ప్లాన్ తీసుకోండి. హాలు గోడ కొట్టేస్తే మెట్లు నేరుగా వంటగదిలోకి దిగుతాయి. మంట పుట్టే అవకాశం ఎక్కువున్న గదిలోంచే పైనున్నవాళ్లు బయటికి రావాలి. స్ప్రింక్లర్ లాంటి మంటలార్పే ఏర్పాటు పెట్టి దీన్ని దాటించే మార్గాలున్నాయి. వాటి ఖర్చు వేలల్లో, పైగా నీటి ఒత్తిడి సరిపోవాలి, ఏటా సర్వీసింగ్. గోడ ఉంచుకుంటే ఇవేవీ అక్కర్లేదు.

లాఫ్ట్ సంగతి తర్వాత చూద్దామని ముందు హాలు గోడ తీసేసిన ఇల్లు, లాఫ్ట్ టైం వచ్చినప్పుడు ఆ గోడే మళ్లీ కట్టుకోవాలి. కొత్త ఫ్లోరింగ్ మీద, కొత్త సీలింగ్ కింద. అందుకే ఇక్కడ హాలు గోడ అలాగే ఉంది. వెనక గదిలోకి వెళ్లే చోట ఫైర్ గ్లాస్ పలక ఉన్న వెడల్పు తలుపు పెట్టాం. తోట కనిపిస్తుంది, నిబంధన నిలబడుతుంది. ఆవిడ మాటల్లో, "పోపు వాసన పై గదులకి ఎక్కకపోవడం వేరే లాభం."

పైకప్పు లెక్క

సెమీ లాఫ్ట్‌కి అసలు ఇబ్బంది ఎత్తు కాదు, మెట్లు. పాత మెట్లు బయటి గోడ వైపున ఉంటాయి. కొత్త మెట్లు వాటి మీదే ఎక్కితే కింద గది పోదు. కానీ హిప్ రూఫ్ సరిగ్గా అక్కడే కిందికి వాలుతుంది, మెట్లెక్కినవాడి తల కప్పుకి తగులుతుంది. అందుకే ఈ ఇళ్లలో హిప్‌ని తీసి, పక్క గోడని నిటారుగా పైదాకా లేపి గేబుల్ చేస్తారు. మెట్ల మీద 2 మీటర్ల ఎత్తు ఉండాలన్నది మామూలు నిబంధన. లాఫ్ట్‌లకి వాలు కప్పు కింద మెట్ల మధ్యలో 1.9, అంచున 1.8 దాకా సడలింపు ఉంది. మాకు గేబుల్‌తో పూర్తి 2 మీటర్లు వచ్చింది. బాక్స్ రూమ్‌లో ఒక మూల మాత్రం పోయింది.

పెర్మిటెడ్ డెవలప్‌మెంట్‌లో సెమీ కప్పుకి కలపగలిగేది 50 ఘనపు మీటర్లు. రెండు పక్కలా ఇళ్లకి ఆనుకుని వరుసలో ఉండే టెర్రస్ ఇంటికి 40. గేబుల్‌తో పెరిగే ఘనపరిమాణం లెక్క తేలిక: ఇంటి లోతు, కప్పు ఎత్తు, హిప్ అడ్డంగా జరిగిన దూరం, మూడూ గుణించి ఆరుతో భాగించాలి. ఇక్కడ 7.6, 2.9, 3.8. వచ్చింది దాదాపు 14. వెనక డార్మర్, అంటే వాలు కప్పులోంచి నిలువుగా బయటికి లేపే భాగం, ఎత్తు 2.4, లోతు 3.1, వెడల్పు 5.6. ఎత్తునీ లోతునీ గుణించి సగం చేసి వెడల్పుతో గుణిస్తే 21 కంటే కొంచెం తక్కువ. మొత్తం 35 లోపే. పాత యజమాని కప్పుకి ఏమైనా కలిపి ఉంటే అదీ ఈ 50లోంచే పోతుంది. ఇక్కడ ఏమీ లేదు.

మిగతా షరతులు: డార్మర్ ముఖం చూరు నుంచి కనీసం 20 సెంటీమీటర్లు వెనక్కి ఉండాలి, ఇంటి శిఖరం దాటకూడదు, రోడ్డు వైపు వాలుని దాటి బయటికి రాకూడదు. పక్క గోడలో మెట్ల కిటికీకి మసక అద్దం, గది నేల నుంచి 1.7 మీటర్ల ఎత్తు లోపు తెరుచుకోకూడదు. బయటి సామగ్రి పాత ఇంటిని పోలి ఉండాలి. డార్మర్‌కి పాత పెంకుల రంగులోనే పెంకులు తగిలించాం. జంట ఇళ్లలో ఒకదానికి గేబుల్, ఇంకోదానికి హిప్ ఉంటే చూడటానికి ఒక భుజం దిగినట్టు ఉంటుంది. నాకు నచ్చదు, కానీ నిబంధన దాన్ని ఆపదు. పాత రూపాన్ని కాపాడే కన్జర్వేషన్ ఏరియాలోనూ, కౌన్సిల్ ఈ హక్కుల్ని తీసేసే ఆర్టికల్ 4 డైరెక్షన్ ఉన్న చోట్లా ఈ లెక్కలు మారిపోతాయి. అది ముందే చూసుకోవాలి.

స్టీల్ విషయం. లాఫ్ట్ నేలని మోసే స్టీల్ బీమ్‌లు ఒక కొస ఉమ్మడి గోడ మీద, ఇంకో కొస బయటి గోడ మీద కూర్చుంటాయి. కింద వెనక గోడ తీసేసిన చోట ఇంకో పెద్ద బీమ్, దాని స్తంభాలు. పైనుంచి వచ్చే బరువు చివరికి ఇదే మూల దిగుతుంది. స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి రెండూ ఒకేసారి ఇచ్చాం కాబట్టి ఒకేసారి లెక్కేశారు. కింద బీమ్ సైజు కొంచెమే పెరిగింది. ఆ బీమ్‌ని ప్లాస్టర్ వేసి మూసేశాక, లాఫ్ట్ కోసం మళ్లీ విప్పి బలం చేయడమంటే అదొక వేరే ప్రాజెక్టు.

వేడినీళ్లదీ అదే కథ. ఉన్న కాంబీ బాయిలర్ (నీళ్లు నిల్వ చేయకుండా అప్పటికప్పుడు వేడిచేసేది) ఒక బాత్రూమ్‌కి సరిపోయేది. మూడు షవర్లు అయ్యాక పొద్దున్నే స్కూలు టైంలో ఇద్దరు ఒకేసారి స్నానానికి వెళ్తే ఇద్దరికీ గోరువెచ్చటి ధారే. వీధి పైపు ఒత్తిడి, ప్రవాహం కొలిపించి, లాఫ్ట్‌లో వాలు కింద పనికిరాని చోట, వీధి పైపు ఒత్తిడితోనే పనిచేసే వేడినీళ్ల ట్యాంకు, అన్‌వెంటెడ్ సిలిండర్ పెట్టాం. దానికి కావలసిన పైపులు కింద గోడలు తెరిచి ఉన్నప్పుడే పైకి తీశాం.

పక్కింటావిడ, పార్టీ వాల్

ప్లానింగ్ అక్కర్లేదంటే పక్కవాళ్ల సంగతి అక్కర్లేదని కాదు. 1996 నాటి పార్టీ వాల్ (ఉమ్మడి గోడ) చట్టం వేరే దారి. ఉమ్మడి గోడలో స్టీల్ దూర్చడానికి రెండు నెలల ముందు నోటీసు. సరిహద్దు గీత మీద కొత్త గోడకీ, పక్కింటికి 3 మీటర్ల లోపు వాళ్ల పునాది కంటే లోతుగా తవ్వడానికీ ఒక నెల ముందు. ఈ ఇంటికి మూడూ వర్తించాయి. నోటీసు అందాక 14 రోజుల్లో సమ్మతి రాకపోతే స్టీల్ పనికీ తవ్వకానికీ సంబంధించినంతవరకు వివాదం ఉన్నట్టే చట్టం భావిస్తుంది. అప్పుడు సర్వేయర్లు రావాలి, ఖర్చు మామూలుగా కట్టేవాళ్లదే.

పక్కన ఉండేది వయసుపైబడిన ఒంటరి ఆవిడ. నోటీసు పోస్టులో వెళ్లకముందే డ్రాయింగులు పట్టుకుని వెళ్లి కూర్చుని మాట్లాడమని మావాళ్లకి చెప్పాను. చట్టం భాషలో ఉన్న కాగితం హఠాత్తుగా తలుపు సందులోంచి పడితే ఎవరికైనా టెన్షనే. ఆవిడ అడిగినవి రెండు: దుమ్ము ఎన్నాళ్లు, నా గోడకి పగుళ్లొస్తే ఎవరు బాధ్యత. రెండో దానికి సమాధానం చట్టంలోనే ఉంది. పని మొదలయ్యే ముందు ఆవిడ ఇంటి గోడలన్నీ ఫొటోలతో సహా రికార్డు చేస్తారు, తర్వాత తేడా వస్తే కట్టేవాళ్లు బాగుచేయాలి. అయినా ఆవిడ కొడుకు సొంత సర్వేయర్ కావాలన్నాడు. అది వాళ్ల హక్కు. ఇద్దరికీ కలిపి ఒకే సర్వేయర్ అయితే ఖర్చు తగ్గేది.

వెనక గదిలో ఉమ్మడి గోడకి ఆనుకుని ఉన్న చిమ్నీ బ్రెస్ట్, అంటే గదిలోకి పొడుచుకొచ్చిన పొగగొట్టం ఇటుక భాగం, తీసేద్దామన్నారు. వద్దన్నాను. కింద మాత్రమే తీస్తే పైనున్న ఇటుకంతా మోయడానికి మళ్లీ స్టీల్, పైగా పక్కింటి పొగగొట్టం కప్పు మీద అదే స్టాక్‌లో, అంటే ఉమ్మడి ఇటుక గొట్టంలో, ఉంది. దాని రెండు పక్కలా అరలు కట్టించి వదిలేశాం.

నేల కింద

ఈ జంట ఇళ్ల మురుగు పైపు వెనక గోడకి మీటరున్నర దూరంలో రెండు ఇళ్ల వెంబడి పోతుంది. 2011 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి షేర్డ్ పైపులు చాలావరకు నీటి కంపెనీల సొత్తయ్యాయి. దాని మీదుగా, లేదా 3 మీటర్ల లోపు కట్టాలంటే వాళ్ల అనుమతి, బిల్డ్ ఓవర్ అగ్రిమెంట్ కావాలి. ఇక్కడ అది థేమ్స్ వాటర్. ముందు కెమెరా పంపి పైపు స్థితి చూశాం, పాత మట్టి పైపు ఒక అతుకు దగ్గర విరిగి ఉంది, మార్చాం. మ్యాన్‌హోల్‌ని గది బయటికి తోటలోకి జరిపాం. అగ్రిమెంట్ లేకుండా కట్టేసిన గదులు అమ్మేటప్పుడు బయటపడతాయి, కొనేవాళ్ల సొలిసిటర్ (లాయర్) మొదట అడిగేవాటిలో ఇదొకటి.

నేల లండన్ క్లే. నీళ్లు పీల్చినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుపోయే బంకమట్టి. అవతలి తోటలో ఓక్ చెట్టు ఉంది. డ్రాయింగులో పునాది 1 మీటరు అని గీసి, లోతు పెరగవచ్చని నోట్ పెట్టాం. గుంట చూసిన బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ వేళ్లు కనబడుతున్నాయని 1.6 దాకా వెళ్లమన్నారు. ఆ అదనపు కాంక్రీటు, మట్టి తరలింపు, పైపు మార్పు, అనుకోని ఖర్చుల కోసం పెట్టుకున్న డబ్బులో ఎక్కువ భాగం తినేశాయి. దాని కోసమే కదా పెట్టుకున్నది.

అద్దాల విషయంలో ఆయన 5 మీటర్ల బైఫోల్డ్ (మడతపడే) తలుపులు అడిగారు. ఇంధన పొదుపు గురించిన పార్ట్ ఎల్ ప్రకారం కొత్త గదిలో అద్దం, గది నేల వైశాల్యంలో 25 శాతం, దానికి తోడు మూసుకుపోయిన పాత కిటికీ తలుపుల వైశాల్యం, అంతవరకే. 15 చదరపు మీటర్ల గదికి మొత్తం 7.2 దగ్గర వచ్చింది. 3 మీటర్ల స్లైడింగ్ తలుపు, రూఫ్‌లైట్ కలిపితే సరిగ్గా అంతే. ఇంతకంటే ఎక్కువ అద్దం కావాలంటే ప్రత్యేక లెక్కలతో నిరూపించాలి. చలికాలంలో ఆ గదిలో కూర్చునేవాళ్లకి ఈ పరిమితి మేలే చేస్తుంది.

కొటేషన్లు చదవడం

ముగ్గురు బిల్డర్ల ధరలు 1.18 లక్షల నుంచి 1.71 లక్షల దాకా వచ్చాయి. సహజంగానే అందరి కళ్లూ 1.18 మీద. పక్కపక్కన పెట్టి చూస్తే, అందులో 20 శాతం వ్యాట్ పన్ను లేదు. కలిపితే 1.416 లక్షలు. కిచెన్ సామాన్లు లేవు, మురుగు పైపు పని లేదు, ఫైర్ డోర్ల మాటే లేదు. "మా దగ్గర వ్యాట్ పడదు" అన్నది ఇంకో చిక్కు ప్రశ్న. ఏడాది టర్నోవర్ 90,000 పౌండ్లు దాటితే వ్యాట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఈ ఒక్క పనే దాన్ని దాటుతోంది.

కుదిరిన బిల్డర్ మధ్య ధర వాడు, 1.45 లక్షలు, వ్యాట్‌తో. నేను డబ్బు విడుదలని పనులకి కట్టాను. పునాది అయ్యాక ఇంత, కప్పు నీరు కారకుండా అయ్యాక ఇంత, సర్టిఫికెట్ వచ్చాక ఇంత. ముందుగా పెద్ద మొత్తం అడిగేవాడితో నేను పని పెట్టుకోను.

ముందు లాఫ్ట్ కట్టించాం. స్కాఫోల్డింగ్ బయటి నుంచి, ఇంటి లోపలికి కన్నం చివర్లో మాత్రమే, కాబట్టి కుటుంబం కిందే ఉండగలిగింది. కొత్త వంటగది నేల మీదుగా ఇసుక బస్తాలు మోసే పరిస్థితి కూడా రాలేదు. లాఫ్ట్ గది తయారయ్యాక కింద పగలగొట్టాం, అప్పుడు ముందు గదిలో తాత్కాలిక వంట. ఇంటి బీమా కంపెనీకి పని మొదలుపెట్టకముందే చెప్పాం.

ఖర్చు, విలువ

వెనక గది 58,000. కిచెన్, షవర్ రూమ్, యుటిలిటీ 21,000. లాఫ్ట్ 66,000. డిజైన్, ఇంజినీర్, సర్వేయర్, బిల్డింగ్ కంట్రోల్, అనుమతుల ఫీజులు 11,500. పునాది, పైపుల అదనం 7,500. అంతా కలిపి 1.64 లక్షల పౌండ్లు, వ్యాట్‌తో.

పనికి ముందు ఇంటి విలువ 6.15 లక్షలు. పని అయ్యాక రీమార్ట్‌గేజ్ (ఇంటి అప్పు కొత్తగా మార్చుకోవడం) కోసం వచ్చిన వాల్యూయర్ 7.75 లక్షలు వేశారు. పెరిగింది 1.6 లక్షలు. అంటే ఖర్చు కంటే 4,000 తక్కువ. పెట్టిన ప్రతి పౌండుకీ రెండు వస్తాయని ఎవరైనా చెప్తుంటే ఈ లెక్క చూపించండి. వీధి ధరకి 7.8 లక్షల హద్దు ఉంది, మా ఇల్లు దాని కిందే ఆగింది. అక్కడికి మించి ఇటాలియన్ మార్బుల్ వేసినా వాల్యూయర్ కలం కదలదు.

మరి లాభమెక్కడ? ఇల్లు మారి ఉంటే ఏమయ్యేదో చూడాలి. 7.75 లక్షల ఇల్లు కొంటే 2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రేట్లలో స్టాంప్ డ్యూటీయే 28,750 పౌండ్లు. మొదటి 1.25 లక్షలకి సున్నా, తర్వాతి 1.25 లక్షలకి 2 శాతం, ఆ పైన 5 శాతం. ఏజెంట్ కమిషన్, సొలిసిటర్, సామాన్ల లారీ వేరే. పిల్లల స్కూలు మారలేదు. ఇంటి లోపల 40 చదరపు మీటర్ల దాకా పెరిగింది. అదే డబ్బులో చాలావరకు 6 మీటర్ల గదికి పెట్టి ఉంటే చేతిలో మూడు పడకగదుల ఇల్లే ఉండేది.

అయిదు నెలల్లో అమ్మేసి డబ్బు చేసుకుందామనుకునే వాళ్లకి ఈ పని నేను చెప్పను. అక్కడే పదేళ్లు ఉండేవాళ్లకి చెప్తాను.

చివరి ఫైలు

రెండు పనులకీ ప్లానింగ్ అక్కర్లేకపోయినా, పని చట్టబద్ధమేనని కౌన్సిల్ ఇచ్చే లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ తీసుకున్నాం. ఇంటి మార్పులకి కట్టే హౌస్‌హోల్డర్ ప్లానింగ్ ఫీజు 2025 ఏప్రిల్‌లో 528 పౌండ్లయింది, ప్రతిపాదిత పనికి ఈ సర్టిఫికెట్ ఫీజు అందులో సగం. తప్పనిసరి కాదు. కానీ పదేళ్ల తర్వాత కొనేవాళ్ల సొలిసిటర్ "అనుమతి ఏది?" అన్నప్పుడు, అప్పటి నిబంధనలు వెతుక్కుంటూ కూర్చునే కంటే ఒక కాగితం ఇవ్వడం మేలు. బిల్డింగ్ కంట్రోల్ కంప్లీషన్ సర్టిఫికెట్ మాత్రం తప్పదు. అది లేకపోతే లాఫ్ట్‌ని పడకగదిగా చూపించి అమ్మడం కష్టం, ఆ నాలుగో గది విలువే పోతుంది. వీటికి తోడు పార్టీ వాల్ అవార్డు (సర్వేయర్ల నిర్ణయ పత్రం), బిల్డ్ ఓవర్ అగ్రిమెంట్, స్టీల్ లెక్కలు, కరెంటు పని సర్టిఫికెట్, సిలిండర్ బిగించినవాళ్ల సర్టిఫికెట్, కిటికీల గ్యారంటీ. అన్నీ ఒకే ఫైల్లో పెట్టి, స్కాన్ చేసి ఇద్దరి ఈమెయిళ్లకీ పంపాను.

"కౌన్సిల్ టాక్స్ పెరుగుతుందా అండీ?" అని ఆవిడ ఫైలు తీసుకుంటూ అడిగారు. ఇంగ్లండ్‌లో ఇల్లు పెంచినందుకు యజమాని ఉండగా ఈ స్థానిక పన్ను బ్యాండ్ (శ్రేణి) మార్చరు. ఇల్లు అమ్ముడైనప్పుడు కొత్త సైజుని బట్టి, అదీ 1991 ఏప్రిల్ నాటి విలువ ప్రకారం, తిరిగి చూస్తారు. పెరిగితే కట్టేది అప్పటి కొత్త యజమాని.